అర పాయింటు విలువ: డిమెన్షియా మందుల ప్రయోగాలు, కొలతలు, సాక్షులు

ఆల్జైమర్స్ వ్యాధిలో లెకానెమాబ్ పనిచేస్తుందని ప్రకటించిన నివేదికలో అన్నిటికన్నా ముఖ్యమైన అంకెలు రెండే: 1.66, 1.21. వ్యాధి తొలిదశలో ఉన్న 1,795 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు రెండు వారాలకొకసారి మందును, రెండో జట్టుకు ప్లసీబోను నరంలోకి ఎక్కించి, 18 నెలల పాటు గమనించారు. కొలబద్దగా వాడినది సీడీఆర్ మొత్తం. అది 0 నుండి 18 దాకా ఉంటుంది. అంకె పెరిగిన కొద్దీ వ్యాధి ముదిరినట్టు లెక్క. 18 నెలల తరువాత ప్లసీబో జట్టు సగటున 1.66 పాయింట్లు దిగజారింది, మందు జట్టు 1.21 పాయింట్లు దిగజారింది. తేడా 0.45. దీన్ని 1.66తో భాగిస్తే 27 శాతం. 2023 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఈ నివేదిక అచ్చయ్యే నాటికే ప్రపంచ పత్రికలన్నిటా ఆ 27 శాతం మారుమోగింది. పద్దెనిమిది పాయింట్ల కొలబద్ద మీద తేడా అర పాయింటుకన్నా తక్కువ అని రాసినవారు అరుదు. రెండూ ఒకే నిజానికి రెండు రూపాలు. మందు అమ్మేవారికి మొదటిది ఇష్టం, ఖర్చు భరించేవారికి రెండోది ఇష్టం.

ఇంతకీ ఆ అర పాయింటు దేనిది? సీడీఆర్‌లో ఆరు గడులుంటాయి: జ్ఞాపకం, దేశకాలాల స్పృహ, నిర్ణయశక్తి, బయటి వ్యవహారాలు, ఇంటిపనులు-అభిరుచులు, స్వంత శుభ్రత. ఒక్కో గడిలో సున్నా నుండి మూడు దాకా మార్కు వేస్తారు. ఈ మార్కులు రక్తపరీక్షలో తేలేవి కావు, స్కాన్‌లో కనిపించేవీ కావు. శిక్షణ పొందిన వ్యక్తి రోగితోనూ, రోగిని బాగా ఎరిగిన మరొకరితోనూ విడివిడిగా మాట్లాడి నిర్ణయిస్తాడు. బజారుకు వెళ్ళి లెక్క సరిగ్గా తెస్తున్నాడా, పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ మునుపటిలా వెళుతున్నాడా, దుస్తులు తనంత తానే మార్చుకుంటున్నాడా అన్న ప్రశ్నలకు ఆ రెండో మనిషి చెప్పే జవాబే మార్కు అవుతుంది. ప్రయోగాల పరిభాషలో ఆ మనిషికి వేరే పేర్లున్నా, చేసే పనినిబట్టి సాక్షి అనడమే సరి. సాక్షి లేని రోగిని ఈ ప్రయోగాల్లో చేర్చుకోరు.

ఒక రోగిలో కనీసం ఒకటి నుండి రెండు పాయింట్ల మార్పు వస్తేగాని ఇంట్లోవారికీ వైద్యుడికీ తేడా తెలియదని, కనుక 0.45 అనేది లెక్కలో తప్ప బతుకులో లేదని విమర్శకులన్నారు. ఆ కొలత ఒక మనిషిలో కాలక్రమంలో వచ్చే మార్పుకు సంబంధించినదని, రెండు జట్ల సగటుల మధ్య తేడాకు దాన్ని వర్తింపజేయడం తప్పని సమర్థకులు బదులిచ్చారు. సమర్థకుల మాటలో న్యాయముంది. అయిదారు నెలల వాయిదా కొందరికి మనుమరాలి పెళ్ళి గుర్తుండడానికీ, ఉండకపోవడానికీ మధ్య ఉన్న దూరం కావచ్చు. విమర్శకుల మాటలోనూ న్యాయముంది. అదే వాయిదా కోసం మెదడువాపు ముప్పును నెత్తిన వేసుకోవాలి: ఈ ప్రయోగంలో మందు తీసుకున్నవారిలో 12.6 శాతం మందికి స్కాన్‌లో వాపు, 17.3 శాతం మందికి చిన్నపాటి రక్తస్రావపు జాడలు కనిపించాయి. అపోఈ4 జన్యువు ఇద్దరు తల్లిదండ్రుల నుండీ సంక్రమించినవారిలో వాపు 32.6 శాతం. ఎక్కువమందిలో ఇవి ఏ లక్షణమూ లేకుండానే సర్దుకున్నాయి, అందరిలోనూ కాదు.

అయితే ఈ వాదులాటలో ఇరుపక్షాలూ తాకని విషయం ఒకటుంది. మందును ముందు కనిపెడతారని, అందుబాటు సంగతి, అంటే ధర, బీమా, సరఫరా, ఆ తరువాత వస్తుందని ఇరువురూ అనుకుంటారు. నివేదికలను నిదానంగా చదివితే అలా కనిపించదు. మందు ఎవరికి అందుతుందన్నది చాలామటుకు ప్రయోగపు ప్రణాళికలోనే తేలిపోతుంది. ఎవరిని చేర్చుకోవాలి, దేన్ని కొలవాలి, ఎవరి సాక్ష్యం తీసుకోవాలి అన్న మూడు నిర్ణయాలూ ధర కన్నా ముందే తలుపు మూస్తాయి. తెలుగువారి మధ్య నిలబడి చూస్తే ఈ సంగతి స్పష్టంగా తెలుస్తుంది.

ఇరవై రెండు మార్కుల గడప

లెకానెమాబ్ ప్రయోగంలో చేరాలంటే ఎమ్మెమ్మెస్సీ అనే పరీక్షలో 30కి కనీసం 22 మార్కులు రావాలి. డొనానెమాబ్ ప్రయోగంలో 20 నుండి 28 మధ్య ఉండాలి. లెకానెమాబ్‌ను బయటి రోగులకు ఎలా వాడాలో చెబుతూ అమెరికా నిపుణులు 2023లో రాసిన సిఫారసుల్లోనూ అదే 22 నిలిచింది.

ఆ ముప్పై మార్కుల ప్రశ్నపత్రాన్ని ఎప్పుడూ పలక పట్టని, జబ్బేమీ లేని ఒక డెబ్బై ఏళ్ళ రైతుకూలీ స్త్రీ ముందుంచితే ఏమవుతుంది? వంద నుండి ఏడేసి చొప్పున తీసివేస్తూ పోవడానికి 5 మార్కులు. కాగితం మీది వాక్యం చదివి అలా చేయడానికి 1. ఒక వాక్యం రాయడానికి 1. ఒకదానిలో ఒకటి చొచ్చుకుపోయిన రెండు పంచభుజుల బొమ్మను చూసి గీయడానికి 1. ఈ ఎనిమిదీ పోతే, మిగిలినవన్నీ తప్పులేకుండా చెప్పినా ఆమెకు వచ్చేది సరిగ్గా 22. ఇక తేదీ, నెల, సంవత్సరం అడిగినప్పుడు ఆమె ఏరువాక ఎప్పుడో, ఇప్పుడు నడుస్తున్నది మృగశిర కార్తో ఆరుద్ర కార్తో పొరపాటు లేకుండా చెప్పగలదు. ప్రశ్నపత్రానికి కావలసింది అది కాదు. అక్కడ ఇంకో రెండు మూడు మార్కులు పోతాయి. ఏ జబ్బూ లేకుండానే ఆమె గడప ఇవతల ఉండిపోయింది.

ఇది కొత్తగా కనుగొన్న లోపం కాదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో మేరీ గంగూలీ బృందం చదువురాని పల్లెజనం కోసం ఈ పరీక్షను హిందీలో తిరగరాసి 1995లోనే ప్రచురించింది. భారత వైద్య పరిశోధన మండలి తరువాతి కాలంలో హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళ భాషల్లో పరీక్షల మాలను తయారు చేయించింది. హైదరాబాదు నిమ్స్‌లో జ్ఞాపకశక్తి క్లినిక్కును నడిపిన సువర్ణ అల్లాడి బృందం తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషులు కలగలిసిన నగరంలో ఈ పనిని చాలా దూరం తీసుకుపోయింది. 2013లో న్యూరాలజీ పత్రికలో వారు ప్రచురించిన 648 మంది రోగుల అధ్యయనం ప్రపంచమంతా చదివింది: రెండు భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది, చదువురానివారిలో కూడా. అంటే అది బడిచదువు ఫలితమని కొట్టిపారేయడానికి వీలులేదు. ఒక ప్రాంతపు రోగులను వారి భాషల్లో పరీక్షించినందువల్ల మాత్రమే బయటపడిన నిజం అది.

అదే క్లినిక్కు నుండి వచ్చిన మరో లెక్క ఈ చర్చకు ఇంకా దగ్గరిది. అక్కడికి వచ్చిన 347 మంది డిమెన్షియా రోగులలో ఆల్జైమర్స్ ఉన్నవారు నూటికి నలభైకి లోపే. పావు వంతు మందిది మెదడు రక్తనాళాల జబ్బు. మెదడు ముందుభాగాలు క్షీణించే రకం ఇంకో అయిదో వంతుకు దగ్గరగా ఉంది. పెద్దాసుపత్రికి చేరినవారి లెక్క గనుక ఊళ్ళన్నిటికీ దీన్ని వర్తింపజేయకూడదు. అయినా అమిలాయిడ్ అనే పదార్థాన్ని మెదడులోంచి తుడిచివేసే యాంటీబాడీకి, అమిలాయిడ్‌తో నిమిత్తం లేని జబ్బులో పనేమీ లేదన్నది మాత్రం ఖాయం.

లెకానెమాబ్ ప్రయోగం ఉత్తర అమెరికా, ఐరోపా, ఆసియాలలో జరిగింది. ఆసియా అంటే అక్కడ జపాన్, కొరియా, చైనా, సింగపూర్. డొనానెమాబ్ ప్రయోగం ఎనిమిది దేశాల్లో 1,736 మందితో జరిగింది. రెండిటిలోనూ భారతదేశం లేదు. 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నట్టు 2023లో అంచనా కట్టిన దేశం ఇది.

హైదరాబాదు మాత్ర

తెలుగుగడ్డ మీద డిమెన్షియా మందు కోసం ఎవరూ ప్రయత్నించలేదని దీని అర్థం కాదు. వెంకట్ జాస్తి 1989లో స్థాపించిన సువెన్ లైఫ్ సైన్సెస్, ఇతర కంపెనీలకు రసాయనాలు తయారుచేసి పెట్టే వ్యాపారంలో వచ్చిన డబ్బును మెదడుజబ్బుల మందుల అన్వేషణలో పెడుతూ వచ్చింది. హైదరాబాదు ఔషధ పరిశ్రమ ఎదిగినది ఇతరులు కనిపెట్టిన అణువును తక్కువ ఖర్చుతో తయారుచేయడంలో. తన అణువును తానే కనిపెట్టి, దాన్ని రోగుల దాకా మోసుకుపోవడం వేరే విద్య. అందులో చేతులు కాల్చుకున్న కంపెనీలే ఎక్కువ. ఈ మాట సువెన్ పక్షాన ముందే చెప్పడం న్యాయం, ఎందుకంటే ఇక చెప్పవలసినది విమర్శ.

ఆ సంస్థ అణువు పేరు మాసుపిర్డిన్. మెదడులో సెరటోనిన్‌ను అందుకునే గ్రాహకాలలో ఆరో రకాన్ని ఇది అడ్డగిస్తుంది. అలా అడ్డగిస్తే జ్ఞాపకానికి అవసరమైన ఎసిటైల్‌కోలిన్ వంటి రసాయనాలు ఎక్కువగా విడుదలవుతాయని జంతువులలో కనిపించింది. ఇదే ఆలోచనతో వచ్చిన మరో రెండు మందుల గతి అప్పటికే లోకానికి తెలుసు. లండ్‌బెక్ కంపెనీ ఐడలోపిర్డిన్ మూడు పెద్ద ప్రయోగాలలో, మొత్తం 2,525 మందిలో, ప్లసీబోను మించలేదు. గ్లాక్సో వదిలేసిన ఇంటెపిర్డిన్‌ను 2014లో 50 లక్షల డాలర్ల ముందస్తు సొమ్ముకు కొని, మరుసటి ఏడే దాని పేరుమీద షేర్‌మార్కెట్టులో 31.5 కోట్ల డాలర్లు సేకరించిన ఆక్సొవాంట్ కథ 2017 సెప్టెంబరులో 1,315 మంది ప్రయోగం విఫలమవడంతో ముగిసింది. యాభై లక్షల సరుకు మీద ముప్పై కోట్ల ఆశను మోపగలిగిన ఆ బజారు తీరు మీద వేరే వ్యాసమే రాయవచ్చు.

సువెన్ వాదన ఏమంటే, ఆ రెండు మందులనూ డొనెపెజిల్‌కు జోడించి పరీక్షించారు. తాము డొనెపెజిల్, మెమాంటిన్ రెండూ వాడుతున్నవారికి మూడో మందుగా ఇస్తామని. వ్యాధి మధ్యస్థంగా ఉన్న 564 మందితో అమెరికాలో 26 వారాల ప్రయోగం నడిచింది. హైదరాబాదు అణువును హైదరాబాదు రోగికి ఇచ్చి చూడలేదు. అమెరికా నియంత్రణ సంస్థ ఆమోదమే గమ్యమైనప్పుడు, రోగులూ కొలబద్దలూ అక్కడివే కావడంలో వ్యాపారపు తర్కం ఉంది. ఆ తర్కం ఎవరిని బయట ఉంచిందన్నది మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి. 2019 నవంబరులో ఫలితం వచ్చింది: జ్ఞాపకాన్నీ ఆలోచననూ కొలిచే ముఖ్య పరీక్షలో మందుకూ ప్లసీబోకూ నిలబడదగిన తేడా లేదు.

కథ అక్కడితో ఆగలేదు. అదే సమాచారాన్ని మళ్ళీ తిరగేసినప్పుడు, ప్రయోగంలో చేరేనాటికే ఉద్రేకం, దాడిచేసే స్వభావం ఉన్న రోగులలో ఆ లక్షణాలు మందు వల్ల తగ్గినట్టు కనిపించింది. దాని ఆధారంగా ఆ లక్షణాల మీదే మూడో దశ ప్రయోగం మొదలైంది. ఇక్కడ పాఠకుడు జాగ్రత్తపడాలి. మొత్తం చేను ఎండిపోయాక, ఏ మడిలో కంకులు నిలిచాయో వెదికి, ఆ మడి నేల మంచిదని చెప్పడం లాంటిది ఈ పద్ధతి. ఆ మడి నిజంగా మంచిదే కావచ్చు, నీళ్ళు అటు పారి ఉండవచ్చు, లేదా కాకతాళీయం కావచ్చు. మళ్ళీ విత్తితేగాని తెలియదు. సువెన్ మళ్ళీ విత్తడానికే పూనుకుంది గనుక పద్ధతి విషయంలో తప్పుపట్టడానికి లేదు. పాత ఫలితాన్ని రుజువుగా చూపించే ప్రచారాన్ని మాత్రం నమ్మనవసరం లేదు.

గురి మార్చడం మీద ఎగతాళి చేసినవారున్నారు. అది తొందరపాటు. డిమెన్షియా రోగి ఉన్న ఇంటిని లోపలినుండి ఎరిగినవారెవరూ ఆ గురిని చిన్నచూపు చూడరు. తల్లి పేర్లు మరిచిపోవడాన్ని ఇల్లు సర్దుకుంటుంది. రాత్రి రెండింటికి లేచి తలుపు గొళ్ళెం లాగి, నా ఇంటికి నేను పోతానంటూ అడ్డం వచ్చిన కోడలి చేయి కొరికితే సర్దుకోలేదు. వృద్ధాశ్రమానికి పంపాలన్న మాట పుట్టేది అప్పుడే. పైగా ఇన్నాళ్ళూ ఆ స్థితిలో వాడుతున్నవి మనోవైకల్యాల కోసం చేసిన మందులు. డిమెన్షియా ఉన్న ముసలివారిలో అవి మరణాల ముప్పును సుమారు 1.6 రెట్లు పెంచుతాయని అమెరికా నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరిక అచ్చు వేయించింది. అదే హెచ్చరికను మోస్తూనే బ్రెక్స్‌పిప్రజోల్ 2023 మేలో ఈ లక్షణానికి ఆమోదం పొందిన మొదటి మందయింది.

ఆ మందు నివేదికల్లో ఒకదానిలోని అంకెలు మళ్ళీ మొదటి ప్రశ్న దగ్గరికే తీసుకువస్తాయి. 345 మంది, 12 వారాలు. ఉద్రేకాన్ని 29 నుండి 203 దాకా కొలిచే పట్టిక మీద మందు జట్టు 22.6 పాయింట్లు మెరుగుపడింది. ప్లసీబో జట్టు 17.3 పాయింట్లు మెరుగుపడింది. తేడా 5.3. పత్రికలు రాసింది ఆ 5.3 గురించి. కాని ఉత్తుత్తి మాత్రతో వచ్చిన 17 పాయింట్లు ఎక్కడివి? కొంత భాగం, జబ్బు బాగా రేగినప్పుడు ప్రయోగంలో చేరినవారు ఎలాగూ కొంత నెమ్మదిస్తారు కనుక వచ్చింది. మిగిలిన దానిలో, క్రమం తప్పకుండా ఎవరో ఒకరు వచ్చి రోగిని చూసి, చూసుకునే మనిషిని కూర్చోబెట్టి వారమంతా ఎలా గడిచిందని ఓపికగా అడిగి రాసుకోవడానికి కూడా వాటా ఉందని అనుమానించక తప్పదు. ఆ పట్టికనూ నింపేది సాక్షి చెప్పిన జవాబులే. అడిగేవారు దొరికిన సాక్షి మనసు తేలికపడితే, ఆమె కళ్ళకు రోగి కూడా కాస్త నెమ్మదించినట్టు కనిపించవచ్చు. ఆ మార్పు ఎంతవరకు రోగిదో, ఎంతవరకు సాక్షిదో ఆ పట్టిక విడదీయలేదు.

సాక్షి నువైద్రాత్‌లో ఉన్నప్పుడు

తెలుగునాట, ముఖ్యంగా ఉత్తర తెలంగాణలో, కడపలో, గోదావరి జిల్లాలలో, రోగిని బాగా ఎరిగిన ఆ రెండో మనిషి చాలా ఇళ్ళలో ఊళ్ళో ఉండడు. బహ్రైన్‌లో చమురుశుద్ధి కర్మాగారానికి చేరువలోని నువైద్రాత్ లాంటి చోట పనిచేసుకుంటూ ఉంటాడు. తల్లి జగిత్యాల పక్క పల్లెలో ఉంటుంది. వారానికి రెండుసార్లు వాట్సాప్‌లో పలకరింపు. తొలిదశ డిమెన్షియాలో చివరిదాకా చెక్కుచెదరకుండా నిలిచేది మర్యాద. తిన్నావా బిడ్డా, పానం మంచిగుందా, పిల్లలు ఎట్లున్నరు అన్న ముచ్చట ఆమె పొరపాటు లేకుండా నడిపిస్తుంది, ఎందుకంటే ఆ మాటలకు జ్ఞాపకం అక్కరలేదు, అలవాటు చాలు. పొయ్యి మీద గిన్నె మాడిపోతున్న సంగతి, పింఛను డబ్బు ఎక్కడో పెట్టి మరిచి కోడలిని దొంగ అంటున్న సంగతి ఫోన్‌లో వినబడవు. కోడలు చెప్పినా అది అత్తాకోడళ్ళ తగాదాలా వినిపిస్తుంది. కొడుకు రెండేళ్ళకొకసారి సెలవు మీద వచ్చినప్పుడు తేడా ఒక్కసారిగా కనిపిస్తుంది. అప్పటికి తొలిదశ దాటిపోయి ఉంటుంది. ఏ దశలో యాంటీబాడీ ఇవ్వవచ్చునో ఆ దశ సాక్షి లేకుండానే గడిచిపోయింది.

దీనికి అద్దంలో ప్రతిబింబంలా ఇంకొకటుంది. కడప నుండి, గోదావరి జిల్లాల నుండి గల్ఫ్ ఇళ్ళకు పనికి వెళ్ళిన స్త్రీలను అక్కడ ఖద్దామా అంటారు. ఆ ఇళ్ళలో ముసలివారిని లేపి, కడిగి, తినిపించి, రాత్రి కాపలా పడుకునే పని చాలాచోట్ల ఆమెదే. అరబ్బు ముసలాయన నిన్నటికన్నా నేడు ఎంత దిగజారాడో కన్నకొడుకులకన్నా ఆమెకే తెలుసు. ఆసుపత్రిలో ప్రశ్నలు మాత్రం కొడుకులనే అడుగుతారు. ప్రయోగమేదైనా అక్కడికి వచ్చినా సాక్షి స్థానంలో ఆమెను కూర్చోబెడతారా? ఆమెకు అబ్బిన నాలుగు అరబ్బీ ముక్కలతో ఆరు గడుల సీడీఆర్ నిండుతుందా?

ఇక ధర. అమెరికాలో లెకానెమాబ్‌కు ఏడాదికి 26,500 డాలర్లు, డొనానెమాబ్‌కు సుమారు 32,000. బహ్రైన్ దీనార్లలో ఇవి దాదాపు 10,000, 12,000. 2020 సెప్టెంబరులో భారత ప్రభుత్వం బహ్రైన్‌కు వెళ్ళే కార్మికుల కనీస వేతన ప్రమాణాన్ని నెలకు 200 డాలర్లకు తగ్గించింది. తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం నడుస్తుండగా 2021లో ఆ తగ్గింపును వెనక్కి తీసుకుంది. ఆ 200 డాలర్ల లెక్కన ఒక ఏడాది లెకానెమాబ్ అంటే పదకొండేళ్ళ జీతం, తిండికి ఒక్క దీనారు ఖర్చుపెట్టకుండా. గల్ఫ్‌లోనే ఉన్న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఈ మందుల విషయంలో ఎంతో వేగంగా కదిలింది. ముందరి యాంటీబాడీ అడుకానుమాబ్‌ను అమెరికా తరువాత 2021లో ఆమోదించిన రెండో దేశం అదే. అమెరికాలో సలహాసంఘం వద్దన్నా ఆమోదం పొంది, 56,000 డాలర్ల ధరతో మొదలై, మెడికేర్ విస్తృతంగా చెల్లించడానికి నిరాకరించాక 2024లో తయారీదారే చేతులెత్తేసిన మందు అది. ఆమోదం వేరు, అందుబాటు వేరు అనడానికి అడుకానుమాబ్‌ను మించిన ఉదాహరణ అక్కరలేదు. బ్రిటన్ మరోవైపు నుండి అదే మాట చెప్పింది. అక్కడి నియంత్రణ సంస్థ 2024లో లెకానెమాబ్, డొనానెమాబ్ రెండిటినీ ఆమోదించింది. ఖర్చును తూచే నైస్ సంస్థ, నాలుగు నుండి ఆరు నెలల వాయిదాకు ఇంత సొమ్ము పెట్టలేమని 2025 జూన్ నాటి తుది ముసాయిదాలో తేల్చింది.

నకలు చేస్తే చాలునా

ధర అన్నాక తెలుగు పాఠకుడికి నాట్కో గుర్తుకు రావడం సహజం. క్యాన్సర్ మందు సొరాఫెనిబ్‌కు బేయర్ కంపెనీ నెలకు 2,80,428 రూపాయలు తీసుకుంటున్నప్పుడు, 2012 మార్చిలో భారత పేటెంటు కార్యాలయం హైదరాబాదు కంపెనీ నాట్కోకు తప్పనిసరి లైసెన్సు ఇచ్చింది; ధర 8,880కి దిగింది. యాంటీబాడీలను నకలు చేయడం మాత్ర చేసినంత తేలిక కాకపోయినా, రెడ్డీస్ సంస్థ 2007లోనే రిటుక్సిమాబ్‌కు తన రూపాన్ని మార్కెట్లోకి తెచ్చింది. కనుక ఏదో ఒకనాడు హైదరాబాదు శివార్లలోనే లెకానెమాబ్‌కు చవక రూపం తయారుకావడం అసాధ్యమేమీ కాదు.

ఆనాటికీ సమస్య సగమే తీరుతుంది. సొరాఫెనిబ్ మాత్రను ఇంట్లో మింగవచ్చు. ఈ యాంటీబాడీకి ముందు మెదడులో అమిలాయిడ్ ఉందని పెట్ స్కాన్‌తోనో వెన్నునీటితోనో తేల్చాలి. తరువాత పక్షానికొకసారి నరంలోకి ఎక్కించాలి, మొదటి నెలలలో మళ్ళీ మళ్ళీ ఎమ్మారై తీసి వాపు చూడాలి, ఆ వాపును పోల్చుకోగల కన్ను ఉండాలి. వీటిలో కొన్ని మెట్లు తగ్గుతున్నాయి. 2025 మేలో అమెరికా ఒక రక్తపరీక్షను అనుమతించింది. అదే ఏడు ఆగస్టులో, తొలి చికిత్స ముగిసినవారు ఇంట్లోనే వారానికొకసారి తీసుకునే లెకానెమాబ్ ఇంజెక్షన్‌ను ఆమోదించింది. అయినా ఎమ్మారై యంత్రాన్ని నకలు చేసి పల్లెలకు పంచే తప్పనిసరి లైసెన్సు ఏదీ లేదు. ఈ దృష్టితో చూస్తే హైదరాబాదు మాత్రకు, రుజువైతే, ఉన్న సుగుణం తెలుస్తుంది: అది మాత్ర. దానికి స్కాన్ల పహరా అక్కరలేదు. ఆ సుగుణం ఉన్నందుకే దాని మూడో దశ ఫలితాన్ని స్వదేశాభిమానం పక్కనబెట్టి కఠినంగా చదవాలి. పనిచేయని చవక మాత్ర ఎంత సులభంగా దొరికితే అంత నష్టం.

అందుబాటును ప్రయోగంలోనే కలిపి అల్లడం సాధ్యమేనా అన్న ప్రశ్నకు చైనా పల్లెలు ఒక జవాబు ఇచ్చాయి. 326 ఊళ్ళలో, అధిక రక్తపోటు ఉన్న 33,995 మందితో నాలుగేళ్ళ ప్రయోగం. 2025లో నేచర్ మెడిసిన్‌లో అచ్చయింది. సగం ఊళ్ళలో ఊరివైద్యులకు శిక్షణ ఇచ్చి, పాత చవక మందులతోనే రక్తపోటును గట్టిగా అదుపులో ఉంచమన్నారు. ఆ ఊళ్ళలో డిమెన్షియా 15 శాతం తగ్గింది. ఈ 15 శాతమూ 27 శాతమూ పోల్చదగినవి కావు: ఒకటి జబ్బు రాకుండా ఆపిన లెక్క, మరొకటి వచ్చిన జబ్బును నెమ్మదింపజేసిన లెక్క. కాని మొదటి ప్రయోగం ముగిసేనాటికి మందును ఎవరు ఇవ్వాలి, ఎక్కడ ఇవ్వాలి, ఎవరు కనిపెట్టి చూడాలి అన్నవి తేలిపోయాయి. రెండోదానిలో ఆ ప్రశ్నలు ప్రయోగం ముగిశాకే మొదలయ్యాయి. నిమ్స్ క్లినిక్కులో నాలుగింట ఒకరిది రక్తనాళాల జబ్బే అయిన చోట, రక్తపోటు మాత్రను డిమెన్షియా మందుల జాబితాలో చేర్చకపోవడం మాటల పొరపాటు మాత్రమే కాదు.

తెలుగు రాష్ట్రాలలోనూ ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి ముప్పై దాటినవారి వివరాలు రాసుకునే జాతీయ ఫారం ఒకటి ఉంది. బీపీ, షుగరు, క్యాన్సర్ ప్రశ్నల తరువాత అరవై దాటినవారికి ప్రత్యేకంగా నాలుగు ప్రశ్నలున్నాయి. వాటిలో ఒకటి, దగ్గరివాళ్ళ పేర్లుగాని సొంత ఇంటి చిరునామాగాని మరిచిపోతున్నారా అని. ఊరి గడప దాకా చేరిన డిమెన్షియా పరీక్ష ఈ ఒక్క ప్రశ్నే. జవాబు చెప్పవలసింది ఆ ముసలామే. పక్కన నిలబడ్డ కోడలి మాట రాసుకోవడానికి ఆ ఫారంలో గడి లేదు.